45 వేల డాలర్లు, ఆన్‌లైన్ వేలం, 240జెడ్ కొనాలా 911 కొనాలా: నా లెక్క ఇది

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటావు, 45 వేల డాలర్లు పక్కన పెట్టావు, బ్రింగ్ ఎ ట్రైలర్‌లో గానీ కార్స్ అండ్ బిడ్స్‌లో గానీ, అంటే ఆన్‌లైన్‌లో కార్లు వేలం వేసే సైట్లలో, ఒక డాట్సన్ 240జెడ్ (డెబ్భైల నాటి జపాన్ స్పోర్ట్స్ కారు) లేదా ఎయిర్ కూల్డ్ (ఇంజిన్ గాలితో చల్లబడే పాత రకం) పోర్షా 911 కొందామని ఉంది, రెండేళ్ళు సరదాగా నడిపి అమ్మితే పెట్టిన డబ్బు తిరిగి రావాలి, ఎప్పటికైనా హైదరాబాద్ తీసుకెళ్ళగలిగితే ఇంకా మంచిది, అసలు కారు చూడకుండా ఫోటోలు చూసి అంత డబ్బు పెట్టడం పిచ్చితనమా అని అడిగావు. పిచ్చితనం కాదు, ఇక్కడ రోజూ జరిగేదే. కానీ పెట్టింది తిరిగి రావడం అన్నదాని దగ్గర మాత్రం నీ లెక్క తేడాగా ఉంది, అది కింద డబ్బుల దగ్గర చెప్తా.

ముందు ఒక చిన్న విషయం, కార్స్ అండ్ బిడ్స్‌లో 240జెడ్ కోసం వెతకొద్దు. కార్ల యూట్యూబర్ డగ్ డెమ్యూరో 2020లో మొదలుపెట్టినప్పటి నుంచీ అది ఎనభైల నుంచి ఇటువైపు కార్లకి పెట్టిన సైటు. 240జెడ్ 1970 నుంచి 1973 మోడల్ వరకే కాబట్టి నీకు మెయిన్‌గా బ్రింగ్ ఎ ట్రైలరే, కాకపోతే హెమ్మింగ్స్, హాగర్టీ వాళ్ళ వేలాలు కూడా ఉన్నాయి. బ్రింగ్ ఎ ట్రైలర్ 2007లో ఊరికే ఎక్కడెక్కడ మంచి పాత కార్లు అమ్మకానికి ఉన్నాయో లింకులు పెట్టే సైటుగా మొదలైంది, సొంతంగా వేలాలు పెట్టింది 2014లో, 2020లో హర్స్ట్ కంపెనీ కొనేసింది. కారు మామూలుగా ఏడు రోజులు వేలంలో ఉంటుంది. చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా బిడ్ వేస్తే గడియారం మళ్ళీ రెండు నిమిషాలకి వెళ్తుంది, అందుకని ఈబేలో వేసినట్టు ఆఖరి సెకండ్‌లో బిడ్ వేసి ఎగరేసుకుపోదాం అంటే కుదరదు. గెలిచినవాడు సైటుకి 5 శాతం ఫీజు కడతాడు (కనీసం 250 డాలర్లు, పైన ఒక లిమిట్ ఉంది, అది మారుస్తుంటారు, నీ బడ్జెట్‌కి అది తగలదులే). బిడ్ వేయగానే ఆ 5 శాతం నీ క్రెడిట్ కార్డు మీద హోల్డ్ పెడతారు, వేరేవాడు నీకంటే ఎక్కువ వేస్తే వదిలేస్తారు. కారు డబ్బు మాత్రం నువ్వు నేరుగా అమ్మేవాడికే పంపాలి. ఇంకో సంగతి, సైటు వాళ్ళు కారుని చూడరు, చెక్ చేయరు. చాలామంది కొత్తవాళ్ళు "అంత పెద్ద సైట్ కదా, వాళ్ళు చూసే పెట్టుంటారు" అనుకుంటారు. అమ్మేవాడు ఇచ్చిన వివరాలతో, ఫోటోలతో వాళ్ళ రైటర్లు లిస్టింగ్ రాస్తారు, అంతే.

ఇన్నేళ్ళుగా కొంటూ అమ్ముతూ నాకు అర్థమైంది ఒకటే, ఈ వేలాల్లో అనుమానానికి రేటు ఉంటుంది. ఒకే సంవత్సరం, ఒకే రంగు, ఫోటోల్లో ఒకేలా మెరిసే రెండు 240జెడ్‌లు తీసుకో, ఒకటి 24 వేల దగ్గర ఆగిపోతుంది, ఇంకోటి 40 దాటుతుంది. రెండోదాని కింద ఫోటోలు 60 ఉన్నాయి, పాత బిల్లులు ఉన్నాయి, కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూపించారు, చల్లారిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసే వీడియో (కోల్డ్ స్టార్ట్) ఉంది. మొదటిదాంట్లో సూర్యాస్తమయంలో పది ఫోటోలు. మొదటి కారు నిజంగానే చెత్త అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు కూడా. బిడ్ వేసేవాళ్ళు తెలియని ప్రతిదానికీ ఏదో ఒక రిపేరు ఖర్చు ఊహించుకుని దాన్ని తగ్గించి పాడతారు. కొనేటప్పుడు నీకు లాభం ఎక్కడుందంటే మిగతావాళ్ళు బద్ధకించి వదిలేసిన అనుమానాన్ని నువ్వు ఒక ఫోన్ కాల్‌తోనో ఒక ఇన్‌స్పెక్షన్‌తోనో తీర్చుకోవడంలో. అమ్మేటప్పుడు లాభం అనుమానం అనేదే మిగలకుండా అన్నీ ముందే పరిచేయడంలో. రెండూ ఒకటే పని, అటువైపు నుంచి ఒకసారి, ఇటువైపు నుంచి ఒకసారి.

లిస్టింగ్ చదివేటప్పుడు పదాలు జాగ్రత్తగా చూడు. "ఇంజిన్ 2015లో రీబిల్డ్ చేశారు, బిల్లు గ్యాలరీలో ఉంది" అనేది ఒకటి, "అమ్మేవారు చెప్పిన ప్రకారం పాత ఓనర్ దగ్గర ఇంజిన్ రీబిల్డ్ అయింది" అనేది వేరేది, రెండోదాన్ని నేను రీబిల్డ్ అవ్వలేదనే లెక్కేస్తా. ఫోటోల్లో ఉన్నవాటి కంటే లేనివాటి లిస్టు రాసుకో. డ్రైవర్ వైపు ఫ్లోర్ ఉంది, ప్యాసింజర్ వైపు లేదు, ఎందుకు? బాడీ కింద అంతా కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ కొట్టి ఉందా, కొట్టినవాడు తుప్పు రాకుండా కొట్టాడా, వచ్చిన తుప్పు కనపడకుండా కొట్టాడా? కారు తడిగా ఉన్నప్పుడు తీసిన ఫోటోలైతే పెయింట్ గురించి వాటిలో ఏమీ తెలీదు, తడి మీద ప్రతి పెయింటూ మెరుస్తుంది. కింద కామెంట్లు ఒక్కటి వదలకుండా చదువు, నిజంగా సైటులో విలువైనది అదే. ఆ మోడల్‌నే ముప్పై ఏళ్ళుగా నడిపిన ముసలాయన ఎవరో వచ్చి "ఆ ఎయిర్ క్లీనర్ ఈ సంవత్సరానిది కాదే" అని ఒక ముక్క పడేసి పోతాడు, దానికి అమ్మేవాడు ఏం జవాబిస్తాడు, అసలు ఇస్తాడా లేదా అనేది చూడు. ఫొటోలు అడిగితే రెండు రోజులు కనపడకుండా పోయి చివరి రోజు పొద్దున "బిజీగా ఉన్నా సారీ" అనేవాడి దగ్గర నేనైతే కొనను.

ఇప్పుడు 240జెడ్ సంగతి కొంచెం పొడుగ్గా చెప్తా, ఎందుకంటే నీ బడ్జెట్‌కి నా ఓటు దానికే. ఇంజిన్ ఎల్24, 2.4 లీటర్ల ఇన్‌లైన్ సిక్స్, రెండు ఎస్‌యూ టైపు కార్బురేటర్లు, గట్టి ఇంజిన్, పార్ట్స్ దొరుకుతాయి, పొద్దున్నే ఇంటి ముందు రెంచి పట్టుకుని నువ్వే చాలా పనులు చేసుకోవచ్చు. 1973 కార్లకి మాత్రం పొల్యూషన్ రూల్స్ కోసం వేరే రకం కార్బురేటర్లు వచ్చాయి, వేడెక్కితే సతాయిస్తాయని చాలామంది పీకేసి పాత ఎస్‌యూలు పెట్టుకున్నారు, అది చూసి కంగారు పడకు. అసలు శత్రువు తుప్పు. ఈ కార్లు తయారైన రోజుల్లో జపాన్ రేకుకి తుప్పు ఆపే పని పెద్దగా చేయలేదు, అందుకే ఇంజిన్ ఎలా ఉన్నా పర్లేదు గానీ రేకు పోతే కారు పోయినట్టే. పైన పటారం లోన లొటారం అంటారే, ఈ కారు కోసమే పుట్టిందేమో ఆ సామెత. బ్యాటరీ ట్రే, ఆసిడ్ కారి దానికింద ఫ్రేమ్ రైల్ దాకా తినేస్తుంది. రెండు సీట్ల కింద ఫ్లోర్, ఫ్లోర్ కింద పొడుగ్గా వెళ్ళే ఫ్రేమ్ రైల్స్. వెనక చక్రానికి ముందు డాగ్‌లెగ్ అనే చిన్న ముక్క. ముందు ఫెండర్ల కింది అంచు. హ్యాచ్ డోర్ మూసుకునే చోట రేకు, స్పేర్ టైర్ గుంత. అన్నిటికన్నా దరిద్రం విండ్‌షీల్డ్ కింద కౌల్ అనే రేకు గూడు లోపల, నీళ్ళు ఆకులు దిగి అక్కడ కుళ్ళితే అది బాగుచేయాలంటే ముందు భాగం సగం విప్పాలి. ఫ్లోర్ రేకు కొత్తది వేయించడం పెద్ద సమస్య కాదు, రెడీగా దొరుకుతుంది, కౌల్ పోయిన కారు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకు.

నంబర్లు చూడటం ఈ కారులో చాలా సులువు, అది ఇంకో ప్లస్. అమెరికాకి వచ్చిన కార్ల ఛాసిస్ నంబర్ హెచ్‌ఎల్‌ఎస్30 అని మొదలవుతుంది, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) రేకు మీదే కొట్టి ఉంటుంది, డాష్ మీద చిన్న ప్లేటు ఉంటుంది, ఇంజిన్ బే‌లో ఇంకో ప్లేటు మీద ఛాసిస్ నంబర్‌తో పాటు ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజిన్ నంబర్ కూడా రాసి ఉంటుంది. బ్లాకు మీద నంబరు ఆ ప్లేటుతో కలిస్తే ఒరిజినల్ ఇంజిన్. కలవకపోతే కొంపలేం మునగవు, నడుపుకోడానికి తేడా లేదు, రేటు మాత్రం తగ్గాలి. నాలుగు ఫోటోలు అడగడానికి సిగ్గుపడకు. 17 అక్షరాల విన్ నంబర్ వచ్చింది 1981 మోడల్ నుంచి, అంతకు ముందు కార్లకి కార్‌ఫాక్స్ రిపోర్టు (విన్ నంబర్ కొడితే వచ్చే కారు చరిత్ర) ఉండదు, కాబట్టి "క్లీన్ కార్‌ఫాక్స్" అనే ధైర్యం 240జెడ్‌కి లేదు. దాని బదులు పాత ఓనర్ల బిల్లులు, పాత రిజిస్ట్రేషన్ కాగితాలు, సర్వీసు స్టిక్కర్లు, వాటి మీద మైళ్ళు తేదీలతో కలుస్తున్నాయా చూస్కో. ఓడోమీటర్ అయిదు అంకెలే, 43 వేలు అంటే 143 కూడా అవ్వొచ్చు. లిస్టింగ్‌లో "నిజమైన మైలేజ్ తెలీదు" అని రాస్తే అది పాపం కాదు, చాలా పాత కార్ల పరిస్థితి అదే, దాచకుండా రాసినందుకు సంతోషించు.

టైటిల్ (కారు ఎవరిదో చెప్పే ప్రభుత్వ కాగితం) ఎవరి పేరు మీద ఉందో అడుగు, ఇది తప్పదు. అమ్మేవాడి పేరు మీదే ఉండాలి. "ముందు ఓనర్ సంతకం పెట్టిన టైటిల్ నా దగ్గరుంది, నా పేరు రాయించుకోలేదు, నువ్వు డైరెక్ట్‌గా నీ పేరు రాసుకో" అంటే దండం పెట్టి వచ్చేయ్. జార్జియాలో 1985, అంతకు ముందు మోడళ్ళకి టైటిల్ ఇవ్వరు, న్యూయార్క్‌లో 1972, అంతకు ముందువాటికి ట్రాన్స్‌ఫర్ చేసుకునే రిజిస్ట్రేషనే ఉంటుంది, అలాంటిచోట టైటిల్ లేకపోవడం మామూలే, కాకపోతే ఆ కాగితాలతో మీ కౌంటీ ఆఫీసులో పని అవుతుందా అని బిడ్ వేయకముందే కనుక్కో, గెలిచాక కాదు.

911 విషయానికొస్తే, 45 వేలకి దొరకదు అని కాదు, ఎస్‌సీ మోడల్ (1978 నుంచి 83) దొరుకుతుంది, 84 నుంచి 89 వరకు వచ్చిన 3.2 కరేరా కూడా అరిగిపోయినవి దొరకొచ్చు. కానీ చవకైన 911 అంత ఖరీదైన కారు ఇంకోటి లేదు. ఎస్‌సీలో హెడ్ స్టడ్లు (సిలిండర్ హెడ్‌ని పట్టి ఉంచే బోల్టులు) విరుగుతాయి, ఇంజిన్ లోపలి చైన్‌ని బిగుతుగా ఉంచే పాత రకం టెన్షనర్లు ఫెయిల్ అవుతాయి, చలికి స్టార్ట్ చేసేటప్పుడు బ్యాక్‌ఫైర్ వస్తే ఇంజిన్‌కి గాలి వెళ్ళే ఎయిర్‌బాక్స్ పగులుతుంది. 3.2లో టెన్షనర్లు బాగుచేశారు గానీ వాల్వ్ గైడ్లు తొందరగా అరుగుతాయి. ఇంజిన్ పూర్తిగా దింపి కట్టిస్తే 20 వేల డాలర్లు దాటడం మామూలు విషయం, అంటే నీ బడ్జెట్లో సగం. అందుకని 911కి ఇన్‌స్పెక్షన్ లేకుండా బిడ్ వేయొద్దు, కంప్రెషన్, లీక్‌డౌన్ (సిలిండర్లలో ఒత్తిడి ఎంతుంది, ఎంత కారిపోతోంది అని చూసే టెస్టులు) రెండూ చేయించాలి, సిలిండర్ సిలిండర్‌కీ తేడా ఎంతుందో చూడాలి, వాల్వ్ కవర్లు తీసి స్టడ్లు చూడమని చెప్పాలి. ఇంకో ఇరవై వేలు పోగయ్యాక మంచి 3.2 కొనుక్కో, 87 నుంచి వచ్చే జీ50 గేర్‌బాక్స్ ఉన్నది అయితే ఇంకా బావుంటుంది. ఇప్పుడు మాత్రం జెడ్. ఇది నా అభిప్రాయం, పోర్షా వాళ్ళు తిడితే తిట్టనీ.

ఇన్‌స్పెక్షన్ అంటే ఎలా చేయించాలి అని కూడా అడిగావు. వేలం ఏడు రోజులే కాబట్టి లిస్టింగ్ వచ్చిన మొదటిరోజే కదలాలి. కారు ఉన్న ఊళ్ళో జెడ్ కార్లు తెలిసిన షాపు ఉందా చూడు, ఉంటే 300, 400 డాలర్లకి చూసిపెడతారు, అమ్మేవాడిని కారు అక్కడికి తీసుకెళ్తావా అని అడుగు, ఒప్పుకోకపోతే మెకానిక్‌నే ఇంటికి పంపు. అదీ కుదరకపోతే మనవాళ్ళు లేని ఊరు అమెరికాలో ఎక్కడుంది, కాలేజీ ఫ్రెండో, కజినో, కజిన్ ఫ్రెండో ఒకడు దొరుకుతాడు, శనివారం బిర్యానీ బాకీ పెట్టి పంపించు. వాడికి కార్లు తెలియనక్కర్లేదు, ఏం చేయాలో నువ్వు చెప్తే చాలు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టాలి, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, చల్లారేదాకా ఆగాలి. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం డాగ్‌లెగ్ మీద, డోర్ల కింద, ఫెండర్ల కింది అంచుల మీద పెట్టి చూడాలి, పట్టుకోకపోతే లోపల పుట్టీ ఉంది. కార్పెట్లు ఎత్తాలి, ఫోన్ కారు కిందకి పెట్టి ముందు నుంచి వెనక దాకా వీడియో తీయాలి, ఆపకుండా ఒకే వీడియో. పెయింట్ మందం కొలిచే మీటర్ వంద డాలర్ల లోపే వస్తుంది, ఫ్యాక్టరీ పెయింట్ సుమారుగా 100 నుంచి 150 మైక్రాన్లు, 300, 400 కనపడితే మళ్ళీ పెయింట్ వేశారు, వెయ్యి దాటితే కింద ఏముందో దేవుడికే తెలియాలి. సంతలో ఎద్దు పళ్ళు చూడకుండా, నడిపించకుండా మా తాత డబ్బులు తీసేవాడు కాదు, ఇది కూడా అంతే, ఊరు మారింది.

ఇప్పుడు డబ్బులు. 45 వేలు ఉన్నాయంటే 45 వేలకి బిడ్ వేయొచ్చు అని కాదు. మొదటి సంవత్సరానికి 5 వేలు తీసి పక్కన పెట్టు, యాభై ఏళ్ళ కారుకి టైర్లు, బ్రేక్ పైపులు, పెట్రోల్ పైపులు, కూలింగ్ హోస్‌లు ఎలాగూ మారుస్తావు, అవి బాగున్నాయని ఎవడు చెప్పినా మార్చు. 40 మిగిలింది. ఇన్‌స్పెక్షన్‌కి 400, మూసిన ట్రక్కులో తెప్పించడానికి దూరాన్ని బట్టి ఒక 1,600 వేసుకుందాం. 38 వేలు. ఇందులో సైటు ఫీజు 5 శాతం, టెక్సాస్ సేల్స్ టాక్స్ 6.25 శాతం పోవాలి. అంటే నీ ఆఖరి బిడ్ 34 వేలు. చూస్కో: 34,000 మీద ఫీజు 1,700, టాక్స్ 2,125, మిగతా రెండు వేలు కలిపితే 39,825. ఇప్పుడు రెండేళ్ళ తర్వాత అదే 39,825 వెనక్కి రావాలంటే కారు ఎంతకి అమ్ముడవ్వాలి, 17 శాతం పైన పెరగాలి, అదీ నువ్వు పెట్టిన 5 వేలు, ఇన్సూరెన్సు లెక్కలోకి తీసుకోకుండా. కోవిడ్ టైంలో ఈ కార్ల రేట్లు బాగా పెరిగాయి, 2022 తర్వాత చల్లబడ్డాయి, ఆ పాత గ్రాఫు చూపించి ఎవరైనా ఇన్వెస్ట్‌మెంట్ అంటే నమ్మకు. కారు మళ్ళీ 34కే పోయినా ఆ 5 వేలతో కలిపి రెండేళ్ళ సరదాకి ఒక పది, పదకొండు వేలు ఖర్చవుతుంది అనుకుని దిగు, కొత్త కారు కొన్నా మొదటి రెండేళ్ళలో తరుగు బాగానే పోతుంది కదా. ఇంకోటి, లాభం వస్తే ప్రభుత్వం టాక్స్ అడుగుతుంది, సొంత వాడకం కారు మీద నష్టం వస్తే మాత్రం చూపించుకోడానికి ఉండదు.

2020 జనవరిలో ఒక 1971 240జెడ్ బ్రింగ్ ఎ ట్రైలర్‌లో 3 లక్షల 10 వేల డాలర్లకి పోయింది, నువ్వు కూడా ఆ వార్త చూసుంటావు. అది 21 వేల చిల్లర మైళ్ళు మాత్రమే తిరిగి, ఎవరూ గెలకకుండా అలాగే ఉండిపోయిన కారు. ఆ అమ్మకం తర్వాత దేశంలో గ్యారేజీలో తుప్పు పట్టిన జెడ్ ఉన్న ప్రతివాడూ లక్షాధికారి అయిపోయినట్టు ఫీలయ్యాడు. రేటు తెలియాలంటే అలాంటివి పక్కన పెట్టి, గత ఏడాదిలో అమ్ముడుపోయిన మామూలు జెడ్‌లు ఒక ఇరవై తెరిచి, ధర కన్నా ముందు ఫోటోలు చూసి నువ్వు ఒక రేటు ఊహించి, తర్వాత అసలు రేటు చూడు. నీ ఊహ రెండు మూడు వేల తేడాలోకి వచ్చేదాకా బిడ్డింగ్ జోలికి వెళ్ళకు. అమ్ముడుపోనివి కూడా చూడు, వాటిలోనే ఎక్కువ తెలుస్తుంది.

వేలం రోజు. 34 అని కాగితం మీద రాసి మీ ఆవిడ చేతికి ఇచ్చేయ్, నవ్వులాటకి అనట్లేదు. రెండు నిమిషాల గడియారం తిరిగి తిరిగి మొదలవుతుంటే అవతలివాడి మీద పంతం వస్తుంది, 34 అనుకున్నవాడు 34,500, "ఇంకో ఐదొందలే కదా" అని 37 దాకా వెళ్తాడు, వేలంవెర్రి అని మన పెద్దలు ఊరికే అనలేదు. మధ్య రోజుల్లో చిన్న చిన్న బిడ్లు వేయకు, నీకేం రాదు, ఇంకో నలుగురికి ఆసక్తి పుడుతుంది. చివరి పావుగంటలో దిగు. రిజర్వ్ (ఇంతకంటే తక్కువకి ఇవ్వను అని అమ్మేవాడు లోపల పెట్టుకున్న రేటు) ఉన్న కారైతే, రిజర్వ్ అందకుండా నువ్వే అందరికన్నా పైన ఆగిపోతే, తర్వాత అమ్మేవాడితో మాట్లాడుకునే ఛాన్స్ ఉంటుంది, అక్కడ కూడా ఆ కాగితమే. గెలిచి వెనక్కి తగ్గితే ఫీజు పోతుంది, అకౌంట్ కూడా పోతుంది.

గెలిచాక డబ్బు వైర్ చేసే (బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే) ముందు అకౌంట్ నంబర్ ఫోన్‌లో మాట్లాడి, వాడి నోటితో చదివించుకుని సరిచూస్కో. ఈమెయిల్ హ్యాక్ చేసి "అకౌంట్ మారింది" అని పంపేవాళ్ళు ఈ లావాదేవీల కోసమే కాచుకుని ఉంటారు, దొంగ ఎస్క్రో సైటు (కారు చేరేదాకా డబ్బు మధ్యలో పట్టి ఉంచుతామనే సైటు) పెట్టి లింకు పంపేవాళ్ళు కూడా ఉన్నారు, ఎస్క్రో వాడితే అడ్రస్ నువ్వే టైప్ చేసి వెళ్ళు. ట్రాన్స్‌పోర్ట్‌లో బ్రోకర్ వేరు, ట్రక్కు నడిపేవాడు వేరు. ఒకసారి ఒక బ్రోకర్ నాకు మూసిన ట్రక్కు అని డబ్బు తీసుకుని ఓపెన్ ట్రైలర్ పంపాడు, అప్పటినుంచి లోడ్ చేయకముందే ట్రక్కు ఫోటో, ఇన్సూరెన్స్ కాగితం పంపమంటా. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు బిల్ ఆఫ్ లేడింగ్ (ట్రక్కువాడు ఇచ్చే సరుకు కాగితం) మీద గీతలు సొట్టలు రాసి సంతకం పెట్టించాలి, దించేటప్పుడు చీకటైతే టార్చ్ వేసుకుని చూడు. మామూలు కార్ ఇన్సూరెన్స్ పనికిరాదు, హాగర్టీ, గ్రండీ లాంటివాళ్ళు ఇచ్చే అగ్రీడ్ వాల్యూ పాలసీ (కారు పోతే ఎంత ఇస్తారో ముందే ఒప్పుకునేది) తీసుకో, కారు ట్రక్కు ఎక్కేముందే మొదలవ్వాలి అది.

రెండేళ్ళ తర్వాత అమ్మడం. అమ్మేవాడికి సైటు ఫీజు చాలా తక్కువ, లిస్టింగ్‌కి వంద డాలర్ల చుట్టుపక్కల, మంచి ఫోటోగ్రాఫర్ కావాలంటే ఇంకొంచెం ఎక్కువ, అంటే బిడ్ ఎంతయితే అంతా నీకే. కాబట్టి అమ్మకం ఇప్పటినుంచే మొదలుపెట్టు: ప్రతి బిల్లూ దాచు, మార్చిన పాత పార్ట్‌లు డబ్బాలో పెట్టు, పని చేసేటప్పుడు ఫోటోలు తియ్యి. నేను ఒక 911 ఎస్‌సీ అమ్మినప్పుడు ఇంజిన్ కింద చిన్న ఆయిల్ కారడం ఉండేది, దాన్ని మొదటి ఫోటోల్లోనే పెట్టి, పక్కనే లీక్‌డౌన్ నంబర్లు పెట్టా, కామెంట్లలో దాని గురించి ఒక్కడూ గొడవ చేయలేదు, అదే ఎవడో కనిపెట్టి అడిగుంటే వారమంతా అదే చర్చ అయ్యేది. దురుసుగా అడిగేవాడికి కూడా మర్యాదగా, గంటల్లో జవాబివ్వాలి, చదివేది వాడొక్కడే కాదు, ఒక్క మాటా మాట్లాడకుండా చూస్తూ ఉన్న అసలు కొనేవాడు ఉన్నాడు. రిజర్వ్ ఆశకి పోయి ఎక్కువ పెట్టొద్దు. అమ్ముడుపోకపోతే ఆ ఆఖరి బిడ్ ఇంటర్నెట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది, ఆర్నెల్ల తర్వాత ఇంకోచోట పెట్టినా విన్ నంబర్ కొట్టి "అప్పుడు 31 దాటలేదు కదా" అంటారు. అలాగే నువ్వు 34కి కొన్నదీ అందరికీ కనపడుతుంది, ఏ పనీ చేయకుండా మూడు నెలలకే 42 అడిగితే నవ్వుతారు. డబ్బు వైర్‌లోనే తీసుకో, క్యాషియర్ చెక్కు అకౌంట్‌లో పడినట్టు కనిపించి వారం తర్వాత దొంగదని తేలొచ్చు. వైర్ పడేదాకా టైటిల్ నీ దగ్గరే, కారు వెళ్ళిన రోజే టెక్సాస్ డీఎంవీకి (బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసు) అమ్మేశానని నోటీసు ఆన్‌లైన్‌లో పెట్టేయ్, లేకపోతే వాడి టోల్ బిల్లులు నీకొస్తాయి.

అమ్మేటప్పుడు పనికొచ్చే ఇంకో చిన్న లెక్క, కాలిఫోర్నియా. అక్కడ పాత కార్లు ఇష్టపడేవాళ్ళు చాలామంది, 1975, అంతకు ముందు మోడళ్ళకి స్మాగ్ టెస్టు (పొగ టెస్టు) లేదు, 76 నుంచి ఉంది. కాబట్టి 240జెడ్‌కి ఇంజిన్‌లో ఏం మార్చినా అక్కడివాడు కొనగలడు. అదే 911 ఎస్‌సీలో ఎవడో కంపెనీ ఇచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ పీకేసి కార్బురేటర్లు పెట్టి ఉంటే కాలిఫోర్నియా బేరాలన్నీ పోయినట్టే, అలాంటి కారు చవగ్గా కనిపిస్తే చవక ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు. టెక్సాస్‌లో నీకు ఆ తలనొప్పి లేదు, 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, మీవైపు కౌంటీల్లో పొగ టెస్టు 24 ఏళ్ళ లోపు కార్లకే.

హైదరాబాద్ ఆశ మాత్రం వదిలేయ్. ఇండియాకి వాడిన కారు తీసుకెళ్ళాలంటే మూడేళ్ళ లోపుది, కుడివైపు స్టీరింగ్ ఉన్నది అయ్యుండాలనేది మామూలు రూలు, నీ అమెరికన్ జెడ్ రెండిట్లోనూ ఫెయిల్. వింటేజ్ కార్లకి వేరే దారి ఉంది, 2021లో యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి వీఏ అనే నంబర్ సిరీస్ పెట్టారు, రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేల రూపాయలు, కానీ అది రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి కాదు, షోలకీ ర్యాలీలకీ. దిగుమతి రూల్స్, కస్టమ్స్ సంగతి లాయర్‌ని అడగాల్సిందే, ఆ లెక్క మీద ఇప్పుడు కారు ఎంచుకోవద్దు.

నచ్చిన లిస్టింగ్ దొరికితే లింకు ఇక్కడే పెట్టు, బిడ్ వేసే ముందు, కనీసం మూడు రోజులు మిగిలి ఉండగా. దాంతో పాటు ఇంజిన్ బే ప్లేటు, బ్లాకు నంబరు, రెండు ఫ్లోర్‌లు, బ్యాటరీ ట్రే ఫోటోలు అమ్మేవాడిని ముందే అడిగి తెప్పించుకుని పెట్టు, అవి లేకుండా చూసి చెప్పమంటే నేను కూడా ఊహించి చెప్పడమే.